స్టెప్నీ లేని కారుకు పంచర్ పడితే: లిక్విడ్ పోయాలా, స్ట్రిప్ వేయాలా?

#1 డిక్కీ_ఖాళీ

2020 జులైలో కేంద్రం మోటారు వాహనాల నిబంధనలు సవరించింది. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే చెప్పే టీపీఎంఎస్, పంచర్ కిట్ ఉన్న కార్లకు అప్పటినుంచి స్టెప్నీ తప్పనిసరి కాదు. ఇప్పుడు చాలా కార్లలో, ముఖ్యంగా ఎలక్ట్రిక్ వాటిలో, స్టెప్నీ ఉండాల్సిన గుంటలో ఒక చిన్న కంప్రెసర్, ఒక సీసా లిక్విడ్ మాత్రమే కనిపిస్తున్నాయి.

దారిలో మేకు దిగితే ముందు ఏం చేయాలి? ఆ సీసా ఎక్కించాలా, లేక బయట దొరికే స్ట్రిప్ కిట్ (రంధ్రంలోకి గుచ్చే జిగురు రబ్బరు పట్టీలు) కొని పెట్టుకుని మనమే వేసుకోవాలా? లిక్విడ్ పోసిన టైరుకు తర్వాత పంచర్ వేయరంటారు, నిజమేనా? ఇంట్లో యాక్టివా కూడా ఉంది. దానికి ముందుగానే జెల్ పోయించడం మంచిదా?

కారణాలతో చెప్పండి. "నేను పోయించాను, బాగానే ఉంది" అనే జవాబులు వద్దు.

#2 టైరు_బెంచీ

మేకు టైరు నేలను తాకే భాగంలో దిగింది, రంధ్రం 6 మి.మీ. లోపే ఉంది, బండి పక్కకు తీసి భయం లేకుండా కూర్చునే చోటుంది. ఈ మూడూ కుదిరితే స్ట్రిప్. ఏ ఒక్కటి కుదరకపోయినా వేరే దారి చూడాలి. లిక్విడ్ ఆ వేరే దారుల్లో ఒకటి.

స్ట్రిప్ పట్టకపోతే ఆ తర్వాత లిక్విడ్ ఎక్కించుకోవచ్చు. లిక్విడ్ ఎక్కించాక అది పట్టకపోతే స్ట్రిప్ వేయడం చాలా కష్టం. రంధ్రం గోడలు తడిసి జిగటగా ఉంటాయి, సొల్యూషన్ అంటుకోదు, స్ట్రిప్ జారి బయటికొచ్చేస్తుంది. అందుకే వరస ముఖ్యం.

టైరు లోపల ఏముందో తెలిస్తే మిగతాది సులువుగా అర్థమవుతుంది. పైన దళసరి రబ్బరు, దాని కింద స్టీలు తీగల బెల్టులు, ఇంకా కింద పాలిస్టర్ దారాల పొర, అన్నిటికంటే లోపల ఇన్నర్ లైనర్ అనే పల్చటి బ్యూటైల్ రబ్బరు పొర. గాలిని నిజంగా పట్టి ఉంచేది ఈ చివరి పొరే. మేకు వీటన్నిటినీ చీల్చుకుని లోపలికి పోతుంది.

స్ట్రిప్ రంధ్రాన్ని నింపుతుంది గానీ లైనర్ మీద అతుకు వేయదు. లిక్విడ్ లోపలి కొస దగ్గర గడ్డకట్టి గాలిని ఆపుతుంది గానీ, బయటి నుంచి వాననీళ్ళు రంధ్రంలోకి దిగి స్టీలు తీగలను చేరకుండా ఆపలేదు. తీగలు తుప్పు పట్టాక బెల్టు మీది రబ్బరు విడిపోవడం మొదలవుతుంది. అది నెలల తర్వాత, వేగంలో ఉన్నప్పుడు బయటపడుతుంది. ఈ రెండు పనులూ ఒకేసారి చేసేది ఒక్కటే: టైరును రిమ్ము నుంచి విప్పి లోపలి నుంచి వేసే మష్రూమ్ ప్యాచ్. కాడ రంధ్రాన్ని నింపుతుంది, గొడుగు లైనర్‌ను మూస్తుంది.

కాబట్టి లిక్విడ్ అయినా స్ట్రిప్ అయినా మిమ్మల్ని ప్యాచ్ దాకా చేర్చడానికే. తేడా ఏమిటంటే, స్ట్రిప్ వేసిన టైరు నెమ్మదిగా, మీ వీలు చూసుకుని ప్యాచ్‌కు వెళ్ళొచ్చు. లిక్విడ్ పోసిన టైరు ఆ రోజే వెళ్ళాలి.

#3 తుమ్మ_ముల్లు

కారు వరకు టైరు_బెంచీ అన్న చెప్పింది కరెక్టే. యాక్టివా విషయంల మాత్రం నేను ఒప్పుకోను.

చెరువు కట్టల మీద, పొలాల బాటల మీద తిరిగే బండికి దిగేది మేకు కాదు, ముల్లు. సర్కారు తుమ్మ ముల్లు, లేకుంటే నల్ల తుమ్మ ముల్లు. రంధ్రం ఒకటి, రెండు మి.మీ. కంటే ఎక్కువ ఉండదు. కానీ ఒక్క కంప మీదికెళ్ళి పోతే నాలుగైదు దిగుతయి. ఒక్కో దాంట్ల రీమర్, అంటే గరుకు సూది, తిప్పి 5 మి.మీ. చేసి స్ట్రిప్ వేసుకుంట పోతే టైరును మనమే పాడు చేసినట్టు. గసొంటి సన్న రంధ్రాలకు ముందే పోసి పెట్టిన జెల్లే సరైన మందు.

ఇంకో సంగతి. ఇట్ల ముందే పోసేది వేరే రకం. కారు కిట్‌ల ఇచ్చేది ఎక్కువగా రబ్బరు పాల రకం, అంటే లేటెక్సు. అది లోపల పడ్డంక కొన్ని రోజులకే గడ్డ కడతది. స్కూటర్లకు ముందుగ పోసేది గ్లైకాల్‌ల సన్న దారాలు, రబ్బరు పొడి కలిపిన చిక్కటి జెల్. అది లోపల్నే తడిగా తిరుగుతుంటది, రంధ్రం పడంగనే దారాలు అండ్ల ఇరుక్కుంటయి. ఈ రెండూ ఒకటే అనుకుని కారు సీసా తెచ్చి స్కూటర్ల పోస్తే రెండు నెలలల్ల లోపల గట్టి ముద్ద ఒక్కటే మిగుల్తది.

#4 డిక్కీ_ఖాళీ

ఈ రెండు రకాల తేడా నాకు ఇంతవరకు తెలియదు. ధన్యవాదాలు. స్కూటర్‌కు ఎంత పోయాలి? సీసా మొత్తం పోసేస్తే నష్టమా?

#5 తుమ్మ_ముల్లు

యాక్టివా వెనక టైరు సైజు 90/100-10. దానికి 200 మి.లీ. దరిదాపుల సరిపోతది. 17, 18 అంగుళాల బైకుకు 250 నుంచి 350. టైరు వెడల్పు పెరిగితే అటు చివరకు పోవాలె. సీసా మీద సైజుల పట్టిక ఉంటది, దాన్నే నమ్మాలె, అంచనాకు పోయొద్దు.

తక్కువ పోస్తే లైనర్ మొత్తం తడవదు, ఒక పక్క రంధ్రం పడితే అక్కడికి జెల్ చేరదు. ఎక్కువ పోస్తే బండి నిలబెట్టినప్పుడు అడుగున మడుగు కడతది, పొద్దున తీసినప్పుడు మొదటి కిలోమీటరు హ్యాండిల్ ఊగుతది.

పోసేటప్పుడు మౌత్, అంటే గాలి కొట్టే వాల్వు, కింద ఉండొద్దు. గడియారంల 4 లేకుంటే 8 గంటల కాడ ఉండేటట్టు చక్రం తిప్పాలె. గాలి మొత్తం తీసి, లోపలి పిన్ను విప్పి, సీసా గొట్టం పెట్టి పిసకాలె. పిన్ను మట్టిల పడకుండ మూతల పెట్టుకోవాలె. పోసినంక మౌత్‌లకు రెండు మూడు సార్లు గాలి కొట్టి శుభ్రం చేసి, అప్పుడు పిన్ను బిగించాలె. తర్వాత యాక్టివాకు ముందర 22, వెనక ఒక్కరికి 29, ఇద్దరికి 36 పీఎస్‌ఐ. వెంటనే నాలుగైదు కిలోమీటర్లు నడపాలె. నడిపితేనే జెల్ చుట్టూ పాకుతది. పోసి ఇంట్ల నిలబెడితే పోయనట్టే.

#6 గాలి_మీటర్

ప్రశ్న "లిక్విడా, స్ట్రిప్పా" అని ఉంది గనుక అందరం ఆ రెంటి మధ్యే తిరుగుతున్నామండి. కారు విషయంలో అంతకంటే ముందు చేయాల్సిన పని ఇంకోటి ఉంది. ఉత్త గాలి కొట్టి చూడటం.

మేకు దిగిన టైర్లలో చాలావాటికి మేకే బిరడాగా పనిచేస్తుంది. గాలి గంటకు కొంచెం చొప్పున పోతుంది, అంతే. కిట్‌లో ఉన్న కంప్రెసర్‌ను లిక్విడ్ సీసాతో కలపకుండా, దాని గొట్టాన్ని నేరుగా మౌత్‌కు పెట్టి గాలి మాత్రమే కొట్టొచ్చు. డ్రైవర్ తలుపు స్టిక్కరు మీద రాసి ఉన్న అంకె దాకా కొట్టండి. 5 నిమిషాలు ఆగి మళ్ళీ చూడండి. రెండు మూడు పీఎస్‌ఐ లోపు తగ్గితే మేకు పీకకుండా అలాగే నెమ్మదిగా దగ్గరి షాపుకు పోవచ్చు. దారిలో ప్రతి 10 కిలోమీటర్లకు ఆగి మీటర్ పెట్టండి. టీపీఎంఎస్ ఉంటే తెర మీద అంకె చూసుకుంటూ పోవచ్చు.

హైదరాబాద్–విజయవాడ దారి లాంటి చోట్ల ప్రతి ఊరి మొదట్లో ఒక పంచర్ షాపు కనిపిస్తుంది. అక్కడ లిక్విడ్ సీసా విప్పాల్సిన అవసరం ఎప్పుడో గానీ రాదు.

5 నిమిషాల్లో 10 పీఎస్‌ఐ పోతోందంటే అప్పుడు స్ట్రిప్ సంగతి ఆలోచించాలి.

#7 పంచర్_పెట్టె

గాలి_మీటర్ గారి మాటకు నా ఓటు. ఇప్పుడు స్ట్రిప్ వేసే పద్ధతి రాస్తున్నాను, ఇందులో తప్పు చేసే చోట్లే ఎక్కువ.

రెండు మూడు వందల్లో దొరికే కిట్‌లో రీమర్ అనే గరుకు సూది, కొస చీలిన కన్ను ఉన్న సూది, గోధుమ రంగు స్ట్రిప్‌లు, సొల్యూషన్ ట్యూబు ఉంటాయి. అందులో లేనివి మీరు చేర్చుకోవాలి: గట్టి పట్టు ఉన్న ముక్కు ప్లేయర్, బ్లేడు, చిన్న స్ప్రే సీసాలో సబ్బునీళ్ళు, చాక్‌పీసు, చేతికి గ్లోవ్స్. పిడి టీ ఆకారంలో ఉన్నదే కొనండి. స్క్రూడ్రైవర్ పిడి ఉన్నదాంతో కారు టైరులోకి సూది దింపడం మామూలు మనిషి వల్ల కాదు.

జాకీ అక్కర్లేదు. ముందు చక్రమైతే స్టీరింగ్ ఒక పక్కకు పూర్తిగా తిప్పితే టైరు ముఖం బయటికొస్తుంది. వెనక చక్రమైతే మేకు పైకి, వెనక్కి వచ్చేలా కారును రెండడుగులు కదిలించండి. హ్యాండ్ బ్రేకు వేసి, వేరే చక్రానికి రాయి పెట్టండి.

మేకు చుట్టూ చాక్‌పీసుతో గుండ్రంగా గీయండి. టైరు బాగా మెత్తబడి ఉంటే ముందు 20 పీఎస్‌ఐ దాకా గాలి కొట్టండి, లేకపోతే సూది దింపుతుంటే టైరు లోపలికి వంగిపోతుంది. స్ట్రిప్‌ను సూది కన్నులోకి సగానికి ఎక్కించి, సొల్యూషన్ పూసి, పక్కన సిద్ధంగా పెట్టుకోండి. మేకు పీకాక ఇది చేస్తూ కూర్చుంటే గాలంతా పోతుంది.

పీకేటప్పుడు మేకు ఏ వాలులో ఉందో గమనించండి. చాలా మేకులు ఏటవాలుగా దిగుతాయి. రీమర్ కూడా అదే వాలులో పోవాలి. నిటారుగా గుచ్చితే రెండో రంధ్రం మొదలవుతుంది, స్ట్రిప్ పాత దారిని మూయదు. రీమర్‌ను కుడివైపుకు తిప్పుతూ దించి, అలాగే తిప్పుతూ పైకి తీయండి. మూడు నాలుగు సార్లు చాలు.

తర్వాత సూదిని నెట్టండి. స్ట్రిప్ రెండు కొసలు బయట ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్లు మిగిలేదాకా నెట్టి ఆపండి. ఇక్కడ మొత్తం లోపలికి పోనిస్తే స్ట్రిప్ టైరులో పడిపోతుంది. సూదిని తిప్పకుండా, ఒక్క ఊపులో, నేరుగా బయటికి లాగండి. కన్ను చీలిక తెరుచుకుని స్ట్రిప్ లోపల ఉచ్చులా నిలబడుతుంది. మెల్లగా లాగితే స్ట్రిప్ కూడా వెంటే వస్తుంది.

మిగిలిన తోకలను టైరు మట్టానికి 3 మి.మీ. పైన కోయండి. స్ట్రిప్‌ను లాగి పట్టి కోయకూడదు, వదిలేశాక అది లోపలికి ముడుచుకుంటుంది. స్టిక్కరు అంకె దాకా గాలి కొట్టి సబ్బునీళ్ళు చల్లండి. ఒక నిమిషం చూడండి. బుడగ రాకపోతే బయలుదేరండి. 10, 15 కిలోమీటర్ల తర్వాత ఒకసారి, మర్నాడు పొద్దున చల్లారిన టైరు మీద ఒకసారి మీటర్ పెట్టండి.

#8 టైరు_బెంచీ

> మూడు నాలుగు సార్లు చాలు.

దీన్ని గట్టిగా చెప్పాలి. రీమర్ పని రంధ్రాన్ని పెంచడం కాదు, తెగిన స్టీలు తీగల కొసలను నున్నగా చేసి, రబ్బరును గరుకు చేయడం. తీగ కొస మిగిలిపోతే అది బండి నడిచే ప్రతి చుట్టుకూ స్ట్రిప్‌ను రంపంలా కోస్తుంది. వారం తర్వాత "స్ట్రిప్ లీకవుతోంది" అని వచ్చే వాటిలో చాలావాటికి కారణం ఇదే. పది పన్నెండు సార్లు తిప్పితే రెండో తప్పు, బాగున్న తీగలు కూడా తెగుతాయి.

స్ట్రిప్ పాతబడినా పట్టదు. మన ఎండల్లో డిక్కీలో రెండేళ్ళు పడున్న స్ట్రిప్‌ను వేళ్ళతో నొక్కి చూడండి. మెత్తగా, జిగురుగా ఉంటేనే పనికొస్తుంది. గట్టిపడితే పారేయండి. సొల్యూషన్ ట్యూబు ఒకసారి మూత తీశాక కొన్ని నెలలకే ఎండిపోతుంది, కిట్‌లో సీలు తీయనిది ఇంకోటి ఉంచుకోండి.

చోటు గురించి. నేలను తాకే ముఖంలో నడిమి భాగం మాత్రమే రిపేరుకు పనికొస్తుంది. బ్రిటన్‌లో టైరు రిపేర్లకు పాటించే బీఎస్ ఏయూ 159 ప్రమాణం కారు టైరుకు నడిమి నాలుగింట మూడు వంతుల వెడల్పు, 6 మి.మీ. లోపు రంధ్రం అనే హద్దు పెట్టింది. భుజం (ముఖం పక్క గోడగా వంగే అంచు) మీద, సైడ్‌వాల్ (పక్క గోడ) మీద స్ట్రిప్ వేయొద్దు. అక్కడ స్టీలు బెల్టు లేదు, ప్రతి చుట్టుకూ ఆ గోడ వంగి లేస్తుంది, ఏ స్ట్రిప్ అయినా కొద్దికొద్దిగా బయటికి నెట్టుకొస్తుంది. షాపులో "వేసేస్తాం సార్, ఏం కాదు" అన్నా ఒప్పుకోవద్దు. సైడ్‌వాల్ తెగితే ఆ టైరు పని అయిపోయినట్టే.

#9 ఘాట్_రోడ్డు

స్ట్రిప్ వేయలేని పరిస్థితులు ఏవో కూడా చెప్పుకోవాలి, లేకపోతే లిక్విడ్‌కు అన్యాయం చేసినట్టవుతుంది.

హైదరాబాద్ ఓఆర్ఆర్ తీసుకోండి. పక్క లేన్లలో బండ్లు 120 మీద పోతుంటాయి. మనం ఎడమ అంచుకు ఆపుతాం, కాబట్టి కుడి చక్రం ట్రాఫిక్ వైపు ఉంటుంది. దానికి మేకు దిగితే, రోడ్డు వైపు వీపు పెట్టి కూర్చుని పావుగంట స్ట్రిప్ వేయడం ప్రాణాలతో చెలగాటం. లిక్విడ్ కూడా ఆ పక్కకే ఎక్కించాలి గానీ, గొట్టం బిగించి రెయిలింగు అవతలికి వచ్చి నిలబడొచ్చు. అక్కడ ఉండేది అర నిమిషమే. దానికి కూడా భయమేస్తే దిగి, రెయిలింగు దాటి, సహాయానికి ఫోన్ చేయడమే.

రెండోది శ్రీశైలం దారి. మన్ననూరు దాటాక అడవిలో పంచర్ షాపు దొరకడం కష్టం, రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా రాకపోకలు ఆపేస్తారు. సాయంత్రం ఏడింటికి, వానలో, చీకట్లో మేకు ఏ వాలులో ఉందో కనిపించకపోతే స్ట్రిప్ కుదరదు. తడి రంధ్రంలో సొల్యూషన్ పట్టదు కూడా. సీసా అక్కడ పనికొస్తుంది.

మూడోది, చేతిలో బలం లేనివాళ్ళు. కారు టైరులోకి సూది దింపడానికి ఒంటి బరువంతా వేయాల్సి వస్తుంది. పెద్దవాళ్ళు, మోకాలి నొప్పి ఉన్నవాళ్ళు నడిపే కారులో స్ట్రిప్ కిట్ ఉన్నా అక్కరకు రాదు.

#10 డిక్కీ_ఖాళీ

అయితే సీసా ఎక్కించే పద్ధతి కూడా ఎవరైనా రాయండి. మాన్యువల్‌లో బొమ్మలు ఉన్నాయి గానీ కారణాలు లేవు.

#11 ఘాట్_రోడ్డు

మేకు పీకొద్దు. స్ట్రిప్‌కూ దీనికీ మొదటి తేడా ఇదే. లిక్విడ్ మేకు చుట్టూ ఉన్న సందును మూయాలి. పీకేస్తే సందు పెద్దదవుతుంది, ద్రవం నేల మీదికి కారిపోతుంది. కిట్ సీసాలు ఎక్కువగా 4 మి.మీ. దాకా పడే రంధ్రాలకే తయారు చేస్తారు, కొన్ని 6 దాకా. మీ సీసా మీద ఎంత రాసుందో ఇప్పుడే చూసి పెట్టుకోండి.

సీసా బాగా ఊపండి, అడుగున దిగిన రబ్బరు కలవాలి. కంప్రెసర్‌కు బిగించి, గొట్టం మౌత్‌కు పెట్టి, బండి స్టార్ట్‌లో ఉంచి పంపు ఆన్ చేయండి. మొదట్లో మీటర్ ముల్లు ఒక్కసారిగా 80 పీఎస్‌ఐ పైకి లేస్తుంది. భయపడి ఆపేయొద్దు. అది టైరులో గాలి కాదు, చిక్కటి ద్రవం సన్న మౌత్‌లోంచి దూరుతున్నప్పుడు గొట్టంలో ఏర్పడే ఒత్తిడి. అర నిమిషంలో సీసా ఖాళీ అయ్యాక ముల్లు కిందికి దిగుతుంది, అప్పటినుంచి చూపేది నిజమైన గాలి.

10 నిమిషాల్లో 26 పీఎస్‌ఐ అయినా రాకపోతే గొట్టం తీసి, కారును 10 మీటర్లు ముందుకు, వెనక్కి కదిలించి, మళ్ళీ పంపు పెట్టండి. ద్రవం రంధ్రం దాకా చేరి ఉండకపోవచ్చు. రెండోసారి కూడా రాకపోతే రంధ్రం పెద్దది, అక్కడితో ఆపేయండి. పంపును 10 నిమిషాలకు మించి ఏకబిగిన నడపొద్దు, మోటారు కాలిపోతుంది.

గాలి నిలిచాక వెంటనే బయలుదేరాలి. ఆలస్యం చేస్తే ద్రవం అడుగున మడుగు కట్టి, రంధ్రం దాకా పాకదు. 10 నిమిషాలు నడిపి, ఆగి మీటర్ పెట్టండి. 19 పీఎస్‌ఐ కంటే కిందికి పోయిందంటే లిక్విడ్ పట్టలేదు, ఇంక నడపొద్దు. అంతకంటే పైన ఉంటే మళ్ళీ నింపి షాపు దాకా పోండి. వేగం 80 దాటొద్దు. కిట్‌లో ఇచ్చే 80 స్టిక్కరు అద్దం దగ్గర అంటించేది అందుకే. వేగం ఎక్కువైతే టైరు వేడెక్కుతుంది, ఇంకా పూర్తిగా గట్టిపడని ముద్ద రంధ్రం నుంచి ఊడిపోతుంది.

#12 షాపు_కౌంటర్

లిక్విడ్ పోసిన టైరుకు పంచర్ వేయరా అన్న ప్రశ్నకు జవాబు: వేస్తారు, కానీ ముందు కడగాలి.

రబ్బరు పాల రకం తాజాగా ఉన్నప్పుడు నీళ్ళతో కడిగితే పోతుంది. రెండు మూడు రోజులు ఆగితే లైనర్ మీద, రిమ్ము మీద తోలులా అతుక్కుంటుంది. దాన్ని గీకి తీస్తే తప్ప ప్యాచ్ సొల్యూషన్ పట్టదు. గంట పని అదనంగా పడుతుంది గనుక కొందరు వద్దంటారు. అలాంటి టైరును వాళ్ళు వద్దన్నారంటే మీరు ఆలస్యం చేశారని అర్థం.

షాపుకు వెళ్ళగానే "ఇందులో లిక్విడ్ ఉంది" అని ముందే చెప్పండి. చెప్పకపోతే పిన్ను విప్పగానే పనివాడి ముఖం మీదికి చిమ్ముతుంది. మౌత్‌ను పైకి తిప్పి గాలి తీయాలి. కొన్ని రకాలు ఘాటైన అమ్మోనియా వాసన వేస్తాయి, కళ్ళు మండుతాయి. గ్యాసుతో ఒత్తి నింపిన డబ్బా రకాల్లో కొన్నిటిలో మండే వాయువు ఉంటుంది. అవి వాడిన టైరు దగ్గర వెల్డింగు, నిప్పు అసలే వద్దు, డబ్బా మీద రాసింది చూసి చెప్పాలి.

టీపీఎంఎస్ సెన్సర్ మౌత్ వెనకాల రిమ్ముకు బిగించి ఉంటుంది. దాని సన్న రంధ్రం మీద ముద్ద గట్టిపడితే తప్పుడు అంకె చూపుతుంది. టైరు విప్పినప్పుడే తడి గుడ్డతో తుడిపించండి. సూది పెట్టి పొడవనివ్వొద్దు, లోపలి పొర చిరుగుతుంది.

ఎలక్ట్రిక్ కార్లకు ఇంకో చిక్కు. కొన్ని టైర్లలో చప్పుడు తగ్గడానికి లోపల స్పాంజి అంటించి ఉంటుంది. లిక్విడ్ పోస్తే ఆ స్పాంజి పీల్చేసుకుంటుంది, రంధ్రం దాకా చేరేది తక్కువ. తర్వాత ఆ బరువుతో చక్రం బ్యాలెన్సు తప్పుతుంది. అలాంటి టైరుకు స్ట్రిప్, ఆ తర్వాత స్పాంజి అంతమేర కోసి లోపల ప్యాచ్. టైరు కొనేటప్పుడే స్పాంజి ఉందో లేదో అడిగి తెలుసుకోండి.

#13 సైకిల్_బాట

పక్క విషయం. ట్యూబ్‌లెస్ సైకిల్ టైర్లలో వరస తలకిందులవుతుంది. అక్కడ లిక్విడ్ ముందే ఉంటుంది, అది మూయలేని రంధ్రానికే సన్న స్ట్రిప్ గుచ్చుతారు, రెండూ కలిసి పనిచేస్తాయి. రోడ్డు టైరుకు 30 నుంచి 45 మి.లీ., 29 అంగుళాల కొండ సైకిల్ టైరుకు 90 నుంచి 120. మన ఎండాకాలంలో రెండు నెలలకోసారి విప్పి చూసి పోయాలి, నీరంతా ఆవిరైపోతుంది.

#14 రెండు_చక్రాలు

మోటారు సైకిల్ విషయంలో ఒక హెచ్చరిక. తీగల చక్రాలు ఉన్న బైకుల్లో చాలావాటికి లోపల ట్యూబు ఉంటుంది. వాటికి స్ట్రిప్ పనికిరాదు, గుచ్చితే ట్యూబుకు ఇంకో రంధ్రం. ట్యూబులో జెల్ పోయడం కూడా అంతగా ఫలించదు. ట్యూబు సాగి ఉంటుంది గనుక రంధ్రం చీలికలా తెరుచుకుంటుంది, పైగా ట్యూబు టైరు లోపల కదులుతుంటుంది, ముద్ద నిలవదు. అతుకు వేయించుకోవాల్సిందే.

ట్యూబ్‌లెస్ బైకుకు వెనక చక్రానికి స్ట్రిప్ వేసి షాపు దాకా పోవచ్చు. ముందు చక్రానికి వేస్తే ఇంకా నెమ్మదిగా, నిటారుగా నడపాలి. కారుకు ఒక టైరులో గాలి పోతే మిగతా మూడు మోస్తాయి, బైకుకు ముందు చక్రం గాలి ఒక్కసారి పోతే పడిపోవడమే. ముందు టైరుకు లోపలి ప్యాచ్ లేదా కొత్త టైరు, నా లెక్క అంతే.

#15 తుమ్మ_ముల్లు

ఆఖరి మాట నచ్చింది. జెల్ గురించి నేను చెప్పకుండ వదిలేసింది ఒకటుంది, అది కూడా చెప్పాలె. జెల్ పంచర్‌ను దాచిపెడతది. మేకు దిగినా గాలి పోదు, తెల్వది. నెల రోజులు దాని మీద్నే తిరుగుతరు, వాన నీళ్ళు లోపటికి పోతయి. అందుకే జెల్ ఉన్న బండికి నెలకోసారి చక్రం చేత్తో తిప్పి చూసి, ఇరుక్కున్నది ఏదున్నా తీయాలె. ముల్లయితే తీసి, రంధ్రం కిందికొచ్చేటట్టు తిప్పి, కొంచెం దూరం నడిపితే జెల్ మూస్తది. మేకు 3 మి.మీ. కంటే లావుంటే తీసినంక ప్యాచ్ వేయించాలె.

జెల్‌కు కూడా వయసుంటది. రెండేళ్ళు దాటినంక కడిగి కొత్తది పోయించాలె, లేకుంటే రిమ్ము లోపట తుప్పు మొదలైతది.

#16 డిక్కీ_ఖాళీ

ఒక్క సందేహం మిగిలింది. టైరు పూర్తిగా అణిగిపోయాక తెలియక ఒకటి రెండు కిలోమీటర్లు నడిపేస్తే? అప్పుడు కూడా స్ట్రిప్ వేసుకోవచ్చా?

#17 టైరు_బెంచీ

వేయొద్దు, లిక్విడ్ కూడా పోయొద్దు. గాలి లేకుండా నడిస్తే రిమ్ము అంచు సైడ్‌వాల్‌ను లోపలి నుంచి నలిపేస్తుంది, దారాలు తెగుతాయి. బయటికి ఒక గీత కూడా కనిపించకపోవచ్చు. టైరు విప్పితే లోపల నల్లటి రబ్బరు పొడి రాలుతుంది, సైడ్‌వాల్ లోపలి పొర గరుకుగా, నలిగిన కాగితంలా ఉంటుంది. ఆ పొడి కనిపించిందంటే రంధ్రం ఎంత చిన్నదైనా టైరు మార్చాల్సిందే. గాలి నింపితే నిలుస్తుంది, వేగంలో గోడ పగులుతుంది.

అందుకే బయటి నుంచి స్ట్రిప్ వేసి పంపే షాపులో కూడా, టైరు అణిగిన స్థితిలో వచ్చి ఉంటే విప్పి లోపల చూడమని అడగండి. మీ ఎదురుగా విప్పించండి. టార్చి వేసి, చేత్తో లోపలి గోడను చుట్టూ తడిమి చూడండి, తీగ ముల్లు గుచ్చుకోకుండా గ్లోవ్స్ వేసుకుని.

#18 గాలి_మీటర్

డిక్కీ_ఖాళీ గారూ, మీ గుంటలో సీసా తేదీ ఒకసారి చూడండి. అడుగున గానీ పక్కన గానీ గడువు ముద్రించి ఉంటుంది, చాలావాటికి నాలుగైదేళ్ళు. గడువు దాటిన రబ్బరు పాలు సీసాలోనే గడ్డలు కట్టి గొట్టంలో ఇరుక్కుంటాయి, రోడ్డు మీద పంపు ఆన్ చేశాకే తెలుస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న కారైతే సీసా ఖాళీదేమో, సీలు తెగి ఉందేమో కూడా చూడాలి.